యూకే వీసా మీద ‘నో పబ్లిక్ ఫండ్స్’ ఉంటే కరోనా లాంటి కాలంలో ఏమవుతుంది?

మీ అమ్మాయి స్టూడెంట్ వీసా మీద ‘నో పబ్లిక్ ఫండ్స్’ (ప్రభుత్వ సాయం తీసుకోకూడదు) అని ఉందనీ, బెంజ్ సర్కిల్ దగ్గర కన్సల్టెన్సీలో అడిగితే ‘ఏం కాదండీ’ అన్నారనీ మీరు రాశారు. మామూలు రోజుల్లో ఆ జవాబు చెల్లుతుంది. 2020లో చెల్లలేదు.

దీనికి మూలం 1999 నాటి ఇమిగ్రేషన్ చట్టం, 115వ సెక్షన్. యూనివర్సల్ క్రెడిట్ (ఆదాయం తక్కువున్నవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే భత్యం), చైల్డ్ బెనిఫిట్, అద్దె సాయం, కౌన్సిల్ ఇల్లు (స్థానిక ప్రభుత్వం అద్దెకిచ్చేది) ఈ నిబంధన ఉన్న వీసాలవాళ్లకు రావు. కరోనాలో యూనివర్సల్ క్రెడిట్ వారానికి 20 పౌండ్లు పెంచారు. అసలే లేనివాళ్లకు పెంపేం లాభం! 2020 మే 27న పార్లమెంటు కమిటీలో దీని గురించి అడిగితే అప్పటి ప్రధాని బోరిస్ జాన్సనే ఆశ్చర్యపోయారు.

చట్టంలో జాతి ఊసు లేదు. కానీ దెబ్బ తగిలేది ఎక్కువగా ఆసియా, ఆఫ్రికా వాళ్లకే. కేర్ హోములు, టాక్సీలు, హోటళ్లు... ఇంట్లో కూర్చుని చేసే పనులా అవి? జ్వరమొచ్చి డ్యూటీ మానితే అద్దె ఆగుతుంది, అందుకే జ్వరంతోనే వెళ్లారు. ఆ జూన్‌లో ప్రభుత్వ ఆరోగ్య సంస్థ పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్ లెక్కలో తెల్ల బ్రిటిషర్లతో పోలిస్తే బంగ్లాదేశీ మూలాలవాళ్ల మరణ ముప్పు సుమారు రెట్టింపు, భారతీయులది 10–50 శాతం ఎక్కువ. అంతా ఈ నిబంధన మీదికే తోసేయలేం, ఇరుకిళ్లూ పాత జబ్బులూ తోడయ్యాయి.

నన్నడిగితే, నిబంధనకన్నా దాని భయమే ఎక్కువ చెరుపు చేసింది. పబ్లిక్ ఫండ్స్ కానివి కూడా వీసా పోతుందని వదులుకున్నారు. అప్పట్లో కరోనా పరీక్ష, చికిత్స అందరికీ ఉచితం, వీసా తనిఖీ లేదు. ఫర్లో (పని ఆగినా ప్రభుత్వ సాయంతో జీతం ఇచ్చిన పథకం) కింద 80 శాతం జీతం, నెలకు 2,500 పౌండ్ల దాకా, వీసావాళ్లకూ వర్తించింది. వారానికి సగటున కనీసం 120 పౌండ్లు సంపాదించే ఉద్యోగికి జబ్బు చేస్తే అప్పట్లో వారానికి 95.85 పౌండ్లు యజమాని ఇవ్వాల్సి ఉండేది. పార్ట్‌టైమ్ అయినా సరే. అందుకే పేస్లిప్పులు దాచుకోమనండి. లెక్కలు లేకుండా చేతికి నగదు తీసుకునే పనిలో ఇలాంటి జీతపు సాయం రాబట్టుకోవడం కష్టం.

నిబంధన తీయించుకునే దరఖాస్తు కూడా ఉంది, ఫీజు లేదు. అయితే అది అప్పట్లో కుటుంబ, మానవ హక్కుల వీసాలవాళ్లకే, స్టూడెంట్లకు కాదు. పైగా ఐదేళ్లకు శాశ్వత నివాసం వచ్చే దారిలో ఉన్న జీవిత భాగస్వామి నిబంధనను తీయించుకుంటే అది పదేళ్ల దారికి మారేది. మీ అమ్మాయి ఖాతాలో మూడు నెలల అద్దె, తిండి ఖర్చు కదపకుండా ఉంచండి. కాలేజీ ఫీజు వాయిదాకు దాన్ని వాడేయొద్దని ముందే చెప్పండి.