ఆయిల్ పాస్టెల్ మీద కాగితం ఎందుకు అంటుకోదు: ఆర్ట్ జర్నల్‌తో నా అనుభవం

కర్నూలు నుంచి మీరు రాసిన ప్రశ్న చదువుతుంటే నా మొదటి ఆర్ట్ జర్నల్ గుర్తొచ్చింది, అంటే బొమ్మలు, అతికించిన కాగితాలు, నాలుగు మాటలతో నింపుకునే పుస్తకం. పేజీ నిండా ఆయిల్ పాస్టెల్ రుద్ది దాని మీద కాగితం ముక్కలు అతికిస్తే రెండో రోజుకే ఊడొస్తున్నాయి, స్టాంప్ వేస్తే ఇంకు చెదిరిపోతోంది, పుస్తకం మూస్తే ఎదురు పేజీకి రంగు అంటుతోంది అన్నారు. వీడియోల్లో చూపించే ఖరీదైన సామాను ఆన్‌లైన్‌లో తెప్పిస్తే బాగుపడుతుందా అని అడిగారు. సామానుతో సమస్య లేదండీ, వరస మార్చండి చాలు. జిగురు పని ముందు, అచ్చు పని తర్వాత, పాస్టెల్ అన్నిటికన్నా చివర. నేను ఆరేళ్లుగా అనంతపురంలో ఇంట్లోనే ఈ పేజీలు చేసుకుంటున్నాను. మొదటి ఏడాదంతా మీలాగే తిరగేసి చేశాను.

ఆయిల్ పాస్టెల్‌లో రంగుపొడితో పాటు మైనం, నూనె ఉంటాయి. ఆ నూనె ఆరే రకం కాదు. ఆయిల్ పెయింట్‌లో వాడే అవిసె నూనె గాలి తగిలి గట్టిపడుతుంది, ఇది గట్టిపడదు. 1925లో జపాన్‌లో సకురా కంపెనీ వీటిని తెచ్చింది. సుద్ద పాస్టెల్‌లా దుమ్ము రాలకూడదు, మైనపు క్రేయాన్‌లా గట్టిగా ఉండకూడదు, మధ్యరకంగా ఉండాలని అలా చేశారు. వేలితో రుద్దితే మెత్తగా కలిసిపోయే ఆ గుణమే మనల్ని ఇబ్బంది పెట్టేది కూడా. దీపం పెట్టే గూట్లో నూనె మరక పడిన గోడకు సున్నం ఎన్నిసార్లు కొట్టినా పట్టదు, చూశారా? మీ పేజీలో జరుగుతున్నదీ అదే. ఫెవికాల్ నీళ్లతో చేసిన జిగురు, అది జిడ్డు కింద ఉన్న కాగితం దాకా వెళ్లలేదు. పైపైన ఆరి, పొరలా లేచిపోతుంది.

కాబట్టి ఖాళీ కాగితం మీద ముందు అతికించండి. పుస్తకం విషయంలో నాది ఒకటే సలహా: పల్చటి నోట్‌బుక్ వద్దు. 200 జీఎస్ఎం (కాగితం ఎంత బరువో, మందమో చెప్పే లెక్క) దాటిన డ్రాయింగ్ షీట్లు అయితే మంచిది. లేదంటే గట్టి అట్టల పాత ఖాతా పుస్తకం తీసుకుని, రెండేసి పేజీలు కలిపి అతికించి వాడండి. నేను అదే చేస్తాను. మధ్యమధ్యలో కొన్ని పేజీలను కుట్టు దగ్గర వేలెడు అంచు వదిలి కత్తిరించేయాలి. అలా చెయ్యకపోతే కాగితాలు అతికించే కొద్దీ పుస్తకం ఉబ్బిపోయి, సగానికి వచ్చేసరికి మూసుకోదు.

ఫెవికాల్ నేరుగా పిండకండి. నాలుగు చుక్కల నీళ్లు కలిపి, పాత క్రెడిట్ కార్డు లాంటి దాంతో పల్చగా గీకినట్టు పూసి, కాగితం పెట్టి, మధ్య నుంచి అంచులకు గుడ్డతో ఒత్తాలి. పైన బటర్ పేపర్ వేసి, రాత్రంతా దాని మీద ఇసుర్రాయి పెట్టేదాన్ని మొదట్లో. ఇప్పుడు నాలుగు లావు పుస్తకాలు పెడుతున్నాను, సరిపోతుంది. మైదా ఉడకబెట్టి జిగురు చేసుకోమని కొందరు చెబుతారు. అతుక్కోవడం బాగానే అతుక్కుంటుంది కానీ మన ఇళ్లలో దానికి బొద్దింకలు, పుస్తకాల పురుగులు చేరతాయి. మీరు ఏళ్ల తరబడి దాచుకోవాలనుకునే పుస్తకానికి అది వద్దు.

అతికించడానికి ఏం దొరుకుతాయని అడిగారు. శుభలేఖలు, క్యాలెండర్‌లో తేదీల కాగితాలు, అగరుబత్తి డబ్బాలు, చీరల పెట్టెల్లో వచ్చే పల్చటి కాగితం, బడిలో పిల్లలు రాసిన రఫ్ నోటు పేజీలు, అన్నీ పనికొస్తాయి. దినపత్రిక కాగితం ఏడాదికి పసుపెక్కి పెళుసుబారుతుంది, అది నచ్చితేనే వాడండి. ఒక్క దాని విషయంలో మాత్రం జాగ్రత్త. ఆర్టీసీ బస్సులో కండక్టర్ మిషన్‌తో కొట్టి ఇచ్చే టికెట్, ఏటీఎం చీటీ, దుకాణాల్లో నున్నటి బిల్లు, ఇవన్నీ థర్మల్ కాగితం. అందులో ఇంకు ఉండదు, వేడికి నల్లబడే పూత ఉంటుంది. ఎండకు, జిగురుకు, నూనెకు ఆ రాత పోతుంది.

ఇది నాకు ఎలా తెలిసిందంటే, మా నాయనను డాక్టర్‌కు చూపించడానికి ధర్మవరం నుంచి అనంతపురం తీసుకొచ్చినప్పటి బస్సు టికెట్ నా దగ్గర ఉండేది. ఇద్దరం కలిసి చేసిన చివరి ప్రయాణం అది. కిటికీ పక్క సీటు నాకిచ్చి, ఆయన వేడి ఇంజన్ వైపు కూర్చున్నాడు. ఆ టికెట్‌ను పేజీ మధ్యలో పెట్టి, చుట్టూ ఆకుపచ్చ పాస్టెల్‌తో చేనుగట్లు వేశాను. ఒక్క వేసవి గడిచేసరికి అక్షరం మిగలలేదు. ఇప్పుడు అక్కడ తెల్ల ముక్క మాత్రమే ఉంది. అందుకే అడగకపోయినా చెబుతున్నాను: ఇలాంటివి ముందే జిరాక్స్ తీయించి జిరాక్స్ అతికించండి. జిరాక్స్ మిషన్‌లో వాడే టోనర్ ప్లాస్టిక్ పొడిలాంటిది, వేడికి కరిగి కాగితానికి అతుక్కుంటుంది కాబట్టి జిగురు తడికి చెదరదు. ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటర్‌తో తీసిన రంగు కాపీలు మాత్రం చాలావరకు తడికి కారిపోతాయి.

అతికించింది బాగా ఆరాక ఇంకో మెట్టు ఉంది, పాస్టెల్ పట్టేలా వేసే గరుకు పూత. వీడియోల్లో దాన్ని జెస్సో అంటారు. ఆరిన ఫెవికాల్ మీదా, క్యాలెండర్ లాంటి నున్నటి కాగితం మీదా పాస్టెల్ జారిపోతుంది. పట్టుకోవడానికి కొంచెం గరుకు కావాలి. దీన్ని ఇంట్లోనే చేసుకోవచ్చు. చాక్‌పీసులు దంచి, పల్చటి గుడ్డలో జల్లించిన పొడి రెండు చెంచాలు, తెల్ల ఆక్రిలిక్ రంగు ఒక చెంచా, ఫెవికాల్ ఒక చెంచా, గరిటె జారుగా ఉండేటన్ని నీళ్లు. పాస్టెల్ ఎక్కడ వెయ్యాలనుకుంటే అక్కడ పల్చగా ఒక పూత. కింద కాగితం మీది అక్షరాలు లీలగా కనబడుతూ ఉండాలి. పేజీకి ఆ లీలగా కనబడేదే అందం.

స్టాంపుల సంగతి. మీరు వాడింది ఆఫీసుల్లో ఉండే ఊదారంగు స్టాంప్ ప్యాడ్ అయితే, ఆ ఇంకు ఆరినట్టు కనిపించినా తడి తగలగానే పాకుతుంది. నేను ఆక్రిలిక్ రంగు వాడతాను. స్పాంజి ముక్కకు కొంచెం అంటించి, దాన్ని అచ్చు మీద అద్ది, ఒక్కసారి నిలువుగా ఒత్తి తీయడమే. పది నిమిషాల్లో ఆరుతుంది, తర్వాత నీళ్లు పడినా కదలదు. అచ్చును మాత్రం వెంటనే కడిగేయాలి, ఆలస్యమైతే రంగు గట్టిపడి గీతలు పూడిపోతాయి.

అచ్చు కొనక్కర్లేదు. బెండకాయ అడ్డంగా కోస్తే పువ్వు వస్తుంది, కోసిన మొహాన్ని గుడ్డ మీద కాసేపు బోర్లించి జిగట పోయాక వాడండి. పెన్సిల్ రబ్బరు మీద బ్లేడుతో చెక్కుకుంటే ఏళ్లు నిలుస్తుంది. నాకు ఇష్టమైన అచ్చులు లేపాక్షి నుంచి తెచ్చుకున్నవి. వీరభద్రస్వామి గుడిలో లతా మండపం ఉంది కదా, అక్కడ స్తంభాల మీద చెక్కిన తీగలు, పువ్వులు మా నేతవాళ్లకు కొత్త కాదు, చీరల అంచుల్లోకి ఎప్పుడో వచ్చేశాయి. ఒక ఆదివారం పొద్దున్నే వెళ్లి, పుస్తకంలో పెన్సిల్‌తో పన్నెండు గీసుకున్నాను. అందులో మూడు రబ్బరు మీద చెక్కాను. గీసిన బొమ్మను బటర్ పేపర్ మీద మెత్తటి 6బి పెన్సిల్‌తో దిద్ది, ఆ వైపు రబ్బరుకు ఆనించి వెనక నుంచి గోటితో రుద్దితే బొమ్మ తిరగబడి దిగుతుంది. తెలుగు అక్షరాలు చెక్కాలన్నా ఇదే దారి. ‘అ’ను అద్దంలోలా తిరగేసి ఊహించుకుంటూ కూర్చుంటే తలనొప్పి తప్ప ఏమీ రాదు.

ఇక పాస్టెల్. ఇక్కడే నాకు దొరికిన ఒక వస్తువు గురించి మీకు చెప్పాలి.

మా నాయన పట్టుచీరలు నేసేవాడు. ఆయన పోయాక మగ్గం విప్పేసినప్పుడు, అటక మీద జకార్డ్ అట్టల కట్టలు బయటపడ్డాయి. పాత సామాన్ల బండికి వేసేస్తుంటే ఒక కట్ట నేను అడిగి తెచ్చుకున్నాను. మీరు చూసి ఉండకపోతే: గోధుమరంగు గట్టి అట్ట, వెడల్పు తక్కువ, పొడవు ఎక్కువ, వరసగా చిల్లులు, ఒక కొసన నాయన పెన్సిల్‌తో వేసిన నంబరు. వాటన్నిటినీ దారంతో గొలుసులా కుట్టి మగ్గం పైన వేలాడదీస్తారు. చిల్లు ఉన్నచోట పడుగు పోగు లేస్తుంది, చిల్లు లేనిచోట లేవదు. ఒక్కో అట్ట ఒక్కో పేక పోగుకు లెక్క. అంటే అంచులో ఒక్క హంస రావాలంటే ఎన్ని అట్టలు కావాలో చూడండి.

ఆ అట్టను పేజీ మీద పెట్టి, కుంకుమరంగు పాస్టెల్‌ను అట్ట మీదే చిల్లుల పక్కన మందంగా రుద్దుతాను. తర్వాత చూపుడు వేలికి పల్చటి గుడ్డ చుట్టి, ఆ రంగును అట్ట మీద నుంచి చిల్లుల్లోకి లాగుతాను. పాస్టెల్ కడ్డీని నేరుగా చిల్లులో తిప్పితే అంచుల కింద ఉండలు చేరి చుక్క పాడవుతుంది, గుడ్డతో లాగితే గుండ్రంగా, అంచు పదునుగా వస్తుంది. అట్ట నెమ్మదిగా ఎత్తితే కింద చుక్కల వరస. కొన్ని దగ్గరగా, కొన్ని ఎడంగా, మధ్యలో ఖాళీ. ఎవరో పెళ్లికి కట్టుకున్న చీర అంచులో ఒక్క పోగు అది. మొదటిసారి ఆ వరస చూసినప్పుడు చాలాసేపు ఇంకో రంగు ముట్టుకోలేదు. అలా నలభై మూడు, నలభై నాలుగు, నలభై అయిదు నంబర్ల అట్టలు ఒకదాని కింద ఒకటి వేసి, పక్కన ఆయన గురించి నాలుగు మాటలు రాసుకున్నాను. చిల్లులున్న అట్ట మీకు దొరక్కపోతే పండక్కి వాడే చిల్లుల ముగ్గు పళ్లెం, మురుకుల గొట్టంలో వేసే బిళ్లలు, లేసు ముక్క, ఇవీ బాగుంటాయి.

ఎండ విషయం మీకు నేను చెప్పక్కర్లేదు. నలభై డిగ్రీలు దాటాక పాస్టెల్ వెన్నలా అవుతుంది. ఒక మే నెలలో మిద్దె గదిలో పెట్టి మరిచిపోయిన డబ్బాలో రంగులన్నీ ఒకదానికొకటి అంటుకుని, కాగితపు తొడుగులు నూనెతో తడిసిపోయాయి. ఇప్పుడు డబ్బాను మంచినీళ్ల కుండ పక్కన, నేలకు దగ్గరగా పెడతాను. సన్నటి గీతలు కావాలంటే పది నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచి, పొద్దున్నే గీస్తాను. వేళ్లతో కలిపే పని మధ్యాహ్నానికి ఉంచుకుంటాను, ఆ వేడే సగం పని చేస్తుంది. కొబ్బరినూనెలో దూది ముంచి కలపమని చాలామంది చెబుతారు. నేను చేశాను, నూనె అవతలి పేజీ దాకా దిగి మరక పడింది. ఆ పేజీలు మళ్లీ దేనికీ పనికి రాలేదు.

ఎదురు పేజీకి రంగు అంటడం పూర్తిగా ఆగదు, ఎందుకంటే ఇది ఆరదు. రంగు రాలకుండా పైన కొట్టే మామూలు ఫిక్సేటివ్ స్ప్రే సుద్ద పాస్టెల్‌కు పనికొస్తుంది కానీ ఆయిల్ పాస్టెల్‌కు పెద్దగా ఉపయోగం లేదు. మందంగా వేసినచోట గోటితోనో స్పూన్ వెనకవైపుతోనో మిగులు గీకేయండి, ప్రతి రెండు పేజీల మధ్య బటర్ పేపర్ కత్తిరించి పెట్టండి. బటర్ పేపర్‌ను వెన్నుకు కొంచెం అంటించేస్తే జారిపోదు.

పాస్టెల్ ముందు వెయ్యాల్సిన సందర్భం ఒకటుంది. ఖాళీ కాగితం మీద తెల్ల పాస్టెల్‌తో ముగ్గు వేసి, పైన నీలం వాటర్ కలర్ పుయ్యండి. నూనె ఉన్నచోట నీళ్లు నిలవక ముగ్గు తెల్లగా బయటపడుతుంది. మా జేజి తెల్లారకముందే కళ్లాపి చల్లి ముగ్గేసిన వాకిలి ఇలాగే ఉండేది. దాని మీద ఇంకేమీ అతికించాలని చూడకండి.

నేను డబ్బు పెట్టి కొన్నవి: డ్రాయింగ్ షీట్లు, ఇరవై అయిదు రంగుల పాస్టెల్ డబ్బా, తెలుపు, నలుపు, ఎర్రమన్ను రంగు ఆక్రిలిక్ ట్యూబులు, ఫెవికాల్, బ్లేడు. ఒక పేజీకి నాలుగు రంగులు దాటనివ్వను. లేపాక్షి గుడి పైకప్పు బొమ్మలు చూసినప్పుడు అనిపించింది, ఎరుపు, పసుపు, నలుపు, తెలుపు, కొంచెం ఆకుపచ్చతో అంత పెద్ద కథ నడిపారు కదా అని.

ఇప్పటికే పాడయ్యాయనుకున్న మీ పేజీలు చింపకండి. పాస్టెల్ గీకి మళ్లీ జిగురు పెడితే నిలవదు, ఎంత గీకినా కాగితంలో నూనె ఉంటుంది. కుట్టండి. ముక్కను పేజీ మీద పెట్టి, ముందు సూదితో అర అంగుళానికి ఒక చిల్లు పొడుచుకుని, తర్వాత దారం దూర్చండి. చిల్లులు మరీ దగ్గరగా పొడిస్తే కాగితం ఆ గీత వెంబడి చిరుగుతుంది. జిడ్డు మీదైనా దారం పట్టుకుంటుంది. నా టికెట్ పేజీలో ఊడిపోతున్న ఆ తెల్ల ముక్కను నాయన కండెల్లో మిగిలిన జరీ దారంతో అలాగే నాలుగు మూలలా కుట్టాను. పైన ఇంకు పెన్నుతో ధర్మవరం అని, అనంతపురం అని రాశాను.