రేటింగు కొట్టేసి పంపు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

ఈమధ్య చూసిన సినిమాల మీద నువ్వు రాసి పంపిన అయిదు రివ్యూలూ అందాయి. చదివి పక్కన పడేశాను. జవాబు రాసే ఉద్దేశం కూడా లేకపోయింది. కథ ఒక పేరా, నటీనటులు ఒక పేరా, సాంకేతిక వర్గం ఒక పేరా, కింద ప్లస్సులు, మైనస్సులు, ఆఖర్న అయిదుకి మూడుంబావో రెండుముప్పావో. ఇలాంటివి పొద్దున లేచేసరికి ఫోన్లో కుప్పలుగా వచ్చి పడుతున్నాయి. వాటిలో నీవి కలిపేస్తే ఏవి నీవో ఏరడం నావల్ల కాదు. అయితే ‘బలగం’ మీద రాసినదాంట్లో, నాలుగో పేరా మధ్యలో, బ్రాకెట్లో ఇలా ఉంది:

“(మా ఊళ్ళె పంచాయతి ముంగట తెర కట్టి సినిమా ఏసిన్రు. నల్లి బొక్క సీను రాంగనె మా పెదనాయిన లేసి పోయి మా మేనత్త పక్కకు నిలవడ్డడు. కూసోలె, మాట్లాడలె.)”

అంతే. బ్రాకెట్ మూసేశావు. వెంటనే “ఏదేమైనప్పటికీ ప్రథమార్ధంలో నిడివి తగ్గించి ఉంటే చిత్రం మరో స్థాయికి చేరేది” అని మొదలెట్టావు.

నాకు ఒళ్ళు మండిపోయిందమ్మా. రాత్రి నిద్ర పట్టలేదు కూడా. ఆయన ఎంతసేపు అలా నిలబడ్డాడు? మీ మేనత్త తలెత్తి చూసిందా, చూడనట్టు తెర వైపే కూర్చుందా? ఆవిడ కుర్చీలో ఉందా, కింద చాప మీదా? పక్కవాళ్ళు సినిమా చూస్తున్నారా, వీళ్ళిద్దర్నీ చూస్తున్నారా? సినిమాలో బావా బావమరుదులకి చెడింది విందులో నల్లి బొక్క, అంటే మూలుగ ఎముక, దగ్గర. మీ పెదనాన్నకీ మేనత్తకీ మాటల్లేకుండా పోయింది పొలం గట్టు దగ్గరా, పెళ్ళి మర్యాదల దగ్గరా? నువ్వు అక్కడే ఉన్నావు. ఇవన్నీ చూసే ఉంటావు. 2023లో ఆ సినిమా వచ్చినప్పుడు తెలంగాణ పల్లెల్లో జనం తెరలు కట్టుకుని కలిసి చూశారని నేనూ పేపర్లో చదివాను. ‘గ్రామస్థులు కంటతడి పెట్టారు’ అని ఉంది అందులో. మీ పెదనాన్న లేచి వెళ్ళి నిలబడ్డాడని ఏ పేపరూ రాయలేదు. రాయగలిగినదానివి నువ్వొక్కదానివే. అది తీసుకెళ్ళి బ్రాకెట్లో కూరి, నిడివి గురించి ఉపన్యాసం బయట పెట్టావు.

నిడివి మాటే తీసుకుందాం. ఆ ఫస్టాఫ్‌లో నీకు సాగదీతగా తోచింది ఏమిటి? కొమురయ్య ఊరంతా తిరుగుతూ కనపడ్డవాళ్ళనల్లా పలకరించి, పరాచికాలాడటం. అదేగా? ఆ ముసలాయన మనకి కాస్త పరిచయమయ్యాకే పోవాలి. లేకపోతే ఆయన పేర పెట్టిన పిండం కాకి ముట్టకపోతే మనకేమిటి బాధ? అప్పటిదాకా తెర మీద కామెడీ వేషాలు వేసిన వేణు యెల్దండి, మొదటిసారి డైరెక్షన్ చేస్తూ, కాకి వాలుతుందా వాలదా అన్న ఒక్క ముక్క మీద సినిమా మొత్తం నడిపాడు. ఆ కాకి కోసం మనం ఎదురుచూసేలా చేసినవి ఆ మొదటి పలకరింపులే. నీకు విసుగొస్తే రావచ్చు, తప్పులేదు. విసుగొచ్చిన ఆ నిమిషాన తెర మీద ఏముందో రాయి. ఎవరు నిలబడ్డారు, ఎవరు మాట్లాడారు, కెమెరా ఎవరి మొహం మీద ఉంది. అది రాస్తే నీ విసుగు న్యాయమైనదో కాదో చదివేవాడు తేల్చుకుంటాడు. ‘స్లో’ అని చెప్పి వదిలేస్తే వాడికి మిగిలేది నీ ఆవులింత.

నేను దీన్ని పట్టుకుని వదలనని నా ఎరికలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. చూసింది రాయాలి. అనిపించింది తర్వాత. అసలు రాయకపోయినా ఫరవాలేదు.

ఈ పాఠం నాకు ఏ ఫిల్మ్ సొసైటీలోనూ రాలేదు. మా తెనాల్లో, గంగానమ్మపేట మొదట్లో ఒక మంగలి షాపుండేది. 1980లో ‘శంకరాభరణం’ వచ్చినప్పుడు మొదట్లో హాళ్ళు నిండలేదు. పెద్ద హీరో లేడు. శంకరశాస్త్రి వేసిన సోమయాజులుగారు డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం చేసుకునే మనిషి. ఈ సినిమాకి ఎవరొస్తారు అనుకునేవాళ్ళు. ఆ షాపాయన సెకండ్‌షోకి వెళ్ళొచ్చి, మర్నాడు గడ్డం గీయించుకోవడానికి కూర్చున్న కోమటాయన చెంపల మీద సబ్బు పూసి, కత్తి చేతిలో పట్టుకుని, ‘బ్రోచేవారెవరురా’ కీర్తనని ఖూనీ చేసే సంగీతం మాస్టారు ఎలా పాడాడో పాడాడు. తర్వాత శాస్త్రిగారు ఎలా ఆపారో, ఎటు తిరిగారో, కళ్ళెలా పెట్టారో చేసి చూపించాడు. ఆ కోమటాయన చెంపల మీద సబ్బు ఎండి పొక్కులు లేచింది. ఒక్కడూ ‘తొందరగా కానీ’ అనలేదు. గుమ్మంలో నిలబడ్డవాళ్ళు అటునుంచటే సాయంత్రం ఆటకి పోయారు. బాగుందని గానీ, బాగాలేదని గానీ, చూడమని గానీ ఆయన ఒక్క ముక్క అన్లేదు. నోటిమాట మీద ఆడిందంటారు చూడు ఆ సినిమా, ఆ నోటిమాట అలా ఉండేది. ఇప్పుడు ప్రీమియర్‌లో టైటిల్స్ పూర్తికాకముందే ‘బ్లాక్‌బస్టర్’ అని ట్వీట్ కొట్టేదాన్ని కూడా నోటిమాటే అంటున్నారు.

నక్షత్రాల గొడవ మా రోజుల్లో ఇంతలేదు. దాని తాత మాత్రం ఉండేవాడు. నేను ఒక వారపత్రికకి రాసేవాణ్ణి. పేరెందుకులే, ఇప్పుడది లేదు. సంక్రాంతికి ఒక పెద్ద హీరో సినిమా మీద మూడు పేజీలు రాసిచ్చాను. క్లైమాక్స్‌లో ఎనిమిదిమంది రౌడీలు వరసగా, ఒకడు కిందపడేదాకా రెండోవాడు చేతులు కట్టుకుని ఎదురుచూస్తూ నిలబడ్డారని రాశాను. అది అభిప్రాయం కాదు, జరిగింది. పత్రిక వచ్చింది. చివరి అట్ట మీద అదే సినిమా రంగుల ప్రకటన. లోపల నా మూడు పేజీలు ఒకటిన్నర అయ్యాయి, రౌడీలు మాయం, చివర ‘కుటుంబ సమేతంగా చూడదగ్గ చిత్రం’ అన్న వాక్యం నా పేరు కింద. వెళ్ళి అడిగితే ఎడిటరుగారు కాఫీ తెప్పించి, “మాస్టారూ, మీరు మంచి రైటరు, మీకు ప్రకటనల సంగతి తెలీదు” అన్నారు. ఆ కాఫీ తాగకుండా వచ్చేశాను. ఆ వాక్యం మాత్రం వెంటపడి వచ్చింది. మా బావమరిది కుటుంబ సమేతంగా వెళ్ళి, తిరిగొచ్చి నాతో ఆరు నెలలు సరిగా మాట్లాడలేదు. నీలాంటి పిల్లలు ఏ ఎడిటరూ అడక్కుండానే, ఎవరి అట్ట మీదా ప్రకటన లేకుండానే అవే వాక్యాలు రాస్తుంటే నాకు కోపం రాకేం చేస్తుంది?

‘మాయాబజార్’ మీద రాసింది ఇంకా అన్యాయం. ‘మాటల్లో చెప్పలేని అద్భుతం’ అన్నావు. మాటల్లో చెప్పలేనిదైతే రెండు పేజీలు ఎందుకు ఖర్చుపెట్టావు? ‘అహ నా పెళ్ళియంట’ పాట మళ్ళీ పెట్టుకుని చూడు. సావిత్రి శశిరేఖగా ఒయ్యారంగా మొదలెడుతుంది. లోపలున్నది ఘటోత్కచుడు. సుశీలగారి గొంతు నడుస్తుండగా ఉన్నట్టుండి ఘంటసాలగారి గొంతు పడుతుంది. ఆ క్షణంలో సావిత్రి భుజాలు చూడు, అడుగు చూడు. చీర అదే, నగలు అవే, మొహం అదే. నడిచేది మాత్రం ఎస్వీ రంగారావు. మళ్ళీ వెంటనే సర్దుకుని ఆడపిల్ల అయిపోతుంది. ఎప్పుడు మారిందో నాలుగుసార్లు చూస్తేగాని పట్టుబడదు. ‘సావిత్రి నటన అద్వితీయం’ అని నువ్వు రాసింది ఏ సినిమాకి రాసినా అతుకుతుంది. నేనిప్పుడు చెప్పింది ఆ ఒక్క పాటకే.

ఇంకో ప్రశ్న. ఆ సినిమాలో పాండవులు ఎక్కడ కనిపించారో చెప్పు. చిన్నప్పట్నించి చూస్తున్నానని రాశావు కదా. భారతం కథ, అభిమన్యుడున్నాడు, సుభద్ర ఉంది, కృష్ణుడున్నాడు, ఆ అయిదుగురిలో ఒక్కడూ తెర మీదకి రాడు. 1957 నుంచి జనం చూస్తున్నారు, వాళ్ళు లేరన్న లోటు ఎవరికీ తోచలేదు. అదెలా సాధించారో ఆలోచించి రాస్తే దానికి రెండు పేజీలు చాలవు. నిడివి నిడివి అంటావు గనక చెబుతున్నాను, ఆ సినిమా మూడు గంటల పైచిలుకు. కె.వి.రెడ్డిగారు రిహార్సల్స్‌లో స్టాప్‌వాచ్ పట్టుకుని ఏ సీను ఎంతసేపొస్తుందో ముందే లెక్కగట్టేవారని ఆయన దగ్గర పనిచేసినవాళ్ళు చెబుతారు. సీను ఎంతసేపుండాలో ఆయనకి తెలుసు. సెకండాఫ్‌లో ఫోను తీసి టైము చూసుకునేవాళ్ళకి తెలియనిదల్లా అదే.

ప్రివ్యూ షోలకి పాసులు ఎలా వస్తాయని అడిగావు. టికెట్టు కొనుక్కుని వెళ్ళు. అందరి మధ్యా కూర్చో. యూట్యూబ్‌లో చెప్పాలా, రాయాలా అనేది నీ ఇష్టం. ఆ మంగలాయన ఒక్క వాక్యం కూడా రాయలేదుగా. విమర్శకుడు ఎలా ఉండాలో సినిమాలోనే చూడాలనుంటే విశ్వనాథ్‌గారి ‘సాగర సంగమం’ మొదటి రీళ్ళు చూడు. అందులో హీరో బాలు నాట్యం మీద విమర్శలు రాస్తుంటాడు. ఒక అమ్మాయి డాన్సు బాగాలేదని రాస్తాడు. నీకేం తెలుసని మీదికొస్తే, పత్రికాఫీసులోనే లేచి ఆ ముక్క ఎలా చెయ్యాలో చేసి చూపిస్తాడు. మనకంత విద్య లేదు. డైరెక్టరు కుర్చీలో మనల్ని ఎవరూ కూర్చోబెట్టరు. అందుకని మనం చెయ్యగలిగింది, వాళ్ళు చేసినదాన్ని చేసినట్టుగా చూపించడం ఒక్కటే.

నువ్వు పంపిన మిగతా మూడూ చింపేశాను. వెనక్కి అడగకు. ‘బలగం’ మీద రాసింది మాత్రం మళ్ళీ రాయి. రేటింగు కొట్టెయ్యి. కథ చెప్పకు, అందరూ చూసేశారు. బ్రాకెట్లు పీకేసి ఆ మూడు వాక్యాలూ మొదట పెట్టు, మీ ఊరి మాటలోనే పెట్టు. అక్కడి నుంచి ఎటు పోతుందో పోనీ. మీ పెదనాన్నగారు రాయొద్దంటారేమోనని భయమైతే ముందు ఆయన్నే అడుగు. ఆయన ఒప్పుకోకపోతే నాకు కూడా పంపకు.

కొన్ని తప్పులు దిద్దుకో. ‘మాయాబజార్’ కెమెరా విన్సెంట్ అని రాశావు, మార్కస్ బార్ట్లే. కళా దర్శకులు ఇద్దరు, గోఖలే, కళాధర్. నువ్వు ఒక్క పేరే వేశావు. మాటలూ పాటలూ పింగళి నాగేంద్రరావుగారివి, ఆయన పేరు అసలు లేనేలేదు. ఈసారి పంపేటప్పుడు కాస్త పెద్ద అక్షరాలతో ప్రింటు తీయించి పంపు, ఫోన్లో చదవలేక చస్తున్నాను.

ఇట్లు
మీ మాస్టారు