రొయ్యల ప్యాకెట్ ఉబ్బలేదు, వాసన రాలేదు.. గర్భిణి తినొచ్చా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లె. హైదరాబాద్‌లో ఉన్న మా అమ్మాయికి ఐదో నెల. చెరువు రొయ్యలు ఒలిపించి, గాలి తీసేసే మెషీన్‌తో ప్యాక్ చేయించి, ఐస్ పెట్టి రాత్రి బస్సుకు పంపాం. రొయ్యల వేపుడూ అలాగే ప్యాక్ చేయించాం కానీ దానికి ఐస్ పెట్టలేదు. పొద్దున్న కొంచెం తిన్నది, మిగతాది ఫ్రిజ్‌లో పెట్టింది. ప్యాకెట్ ఉబ్బలేదు, వాసనా లేదు. తినొచ్చా? సూపర్ మార్కెట్లో గ్యాస్ నింపి అమ్మే చేపలు మంచివేనా?

జవాబు: అమ్మా, ఆ వేపుడు ఇక ముట్టుకోవద్దని, పారేయమని ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి. ప్రేమగా చేసి పంపినదాన్ని పారేయమంటే మనసొప్పదని తెలుసు. కానీ వాసన లేదన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు.

కుళ్లు వాసన తెచ్చే బ్యాక్టీరియాల్లో చాలావాటికి ఆక్సిజన్ కావాలి. గాలి తీసేస్తే అవి అణగిపోతాయి. ‘క్లోస్ట్రిడియం బొటులినమ్’ అనే బ్యాక్టీరియాకు మాత్రం గాలి లేకపోవడమే అనుకూలం. దాని స్పోర్లు (విత్తనాల్లాంటి గట్టి రూపాలు) మామూలు వంట వేడికి చావవు. తడి ఉన్న ఆహారం గాలి ఆడకుండా, వెచ్చగా ఉంటే అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి. ఇది అరుదే, కానీ ప్రాణాంతకం. ఇక వండాక చేతుల నుంచి చేరే స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా వదిలే విషం మళ్లీ మరిగించినా పోదు. అందుకే ‘వేడి చేసి తింటుందిలే’ అనుకోకండి.

కంపెనీలు నింపే గ్యాస్ ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్, నైట్రోజన్. వాటివల్ల హాని లేదు. నైట్రోజన్ ప్యాకెట్ అణిగిపోకుండా చూస్తుంది. కార్బన్ డయాక్సైడ్ చేపలోని తడిలో కరిగి బ్యాక్టీరియా పెరుగుదలను నెమ్మదింపజేస్తుంది, చంపదు. చల్లగా ఉంటేనే అది బాగా కరుగుతుంది. కరెంటు పోయి ప్యాకెట్ వేడెక్కితే ఆ రక్షణ తగ్గిపోతుంది. కాబట్టి షాపులో ప్యాకెట్ చేతికి చల్లగా తగలకపోతే తేదీ ఎంత దూరం ఉన్నా కొనకండి.

పచ్చి రొయ్యల సంగతి వేరు. ప్యాకెట్ విప్పినప్పుడు ఐస్ ఇంకా మిగిలి ఉండి, వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి ఉంటే, ఒకటి రెండు రోజుల్లో లోపలి దాకా ఉడికించి తినొచ్చు. ఐస్ అంతా కరిగి నీళ్లు వేడెక్కి ఉంటే వద్దు. గడ్డకట్టించిన ప్యాకెట్ అయితే ముందు మూల కత్తిరించి గాలి తగలనిచ్చి, గిన్నెలో పెట్టి ఫ్రిజ్ కింది అరలో కరగనివ్వాలి. బయట గట్టు మీద కాదు.

గర్భిణుల విషయంలో నాకు ఎక్కువ టెన్షన్ లిస్టీరియా అనే బ్యాక్టీరియాతోనే. 4 డిగ్రీల చల్లదనంలోనూ, ఆక్సిజన్ లేకున్నా మెల్లగా పెరుగుతుంది. తల్లికి కాస్త జ్వరం, ఒళ్లునొప్పులతో సరిపెట్టి, బిడ్డకు ప్రమాదం తెస్తుంది. బాగా ఉడికిస్తే చస్తుంది, కాబట్టి చల్లగా ఉన్నదాన్ని నేరుగా తినే అలవాటు ఈ నెలల్లో మానాలి.

మీ అమ్మాయికి చూపు రెండుగా కనబడినా, కనురెప్పలు వాలినా, మింగడం కష్టమైనా, మాట ముద్దగా వచ్చినా క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. అవి బొటులినమ్ విషం లక్షణాలు. లిస్టీరియా లక్షణాలు కొన్ని వారాల తర్వాత కూడా రావచ్చు. అప్పుడు జ్వరం వస్తే పారాసెటమాల్‌తో ఊరుకోకుండా గైనకాలజిస్టును కలవమనండి. ఆవిడ అడగకపోయినా ఈ వేపుడు తిన్న సంగతి చెప్పమనండి.