రక్తం వస్తోందని బ్రష్ ఆపకు సిరీ

సిరీ,

నీ వాయిస్ మెసేజ్ విన్నానే. బ్రష్ చేస్తుంటే రక్తం వస్తోందని ఆ పక్క తోమడమే మానేశానన్నావు చూడు, సరిగ్గా దానికి రివర్స్‌లో చెయ్యాలి. రక్తం వచ్చే చోటే మెత్తటి బ్రష్‌తో ఇంకాస్త శ్రద్ధగా తోమాలి. ఇన్నేళ్ళు పళ్ళ డాక్టరుగా చేసిన పెద్దమ్మని కాబట్టి ఎందుకో కూడా చెప్పకుండా వదల్లేను, ఓపిగ్గా చదువు.

చిగుళ్ళలో మెమరీ టీ సెల్స్ ఉంటాయి, అంటే ఒకసారి చూసిన క్రిమిని గుర్తుపెట్టుకునే తెల్లకణాలన్నమాట. వీటిల్లో కొన్ని రక్తంలో తిరగడం మానేసి ఆ చిగుళ్ళలోనే కాపురం పెట్టేస్తాయి, అదే క్రిమి మళ్ళీ వస్తే ఎక్కడికక్కడే పని మొదలెట్టేస్తాయి. టీహెచ్17 అనే రకమైతే ఐఎల్-17 అనే సంకేతం లాంటి ప్రొటీన్ వదిలి న్యూట్రోఫిల్స్‌ని, అంటే క్రిముల్ని మింగేసే తెల్లకణాల్ని, పిలిపిస్తుంది, నోట్లో ఫంగస్ తెల్లగా పట్టకుండా చూసేది కూడా ముఖ్యంగా ఇదే. ఎలుకల్లో అయితే గట్టి తిండి నమిలితే చిగుళ్ళలో ఈ కణాలు పెరిగాయట. అలాగని రేపట్నుంచి చెరుకుగడలు కొరికెయ్యకు!

అసలు తిరకాసేంటంటే పళ్ళ మీద క్రిములతో పేరుకునే పాచి రోజుల తరబడి అక్కడే ఉండిపోతే ఈ కణాలు కూడా ఊరుకోవు, పెరుగుతూనే ఉంటాయి, ఆ పోట్లాటలో పంటిని పట్టుకున్న ఎముకే కరిగిపోతుంది. జాబ్స్ సిండ్రోమ్ అని పుట్టుకతోనే టీహెచ్17 సరిగ్గా తయారవని వాళ్ళుంటారు, వాళ్ళకి నోట్లో ఫంగస్ మాటిమాటికీ వస్తుంది, కానీ 2018లో అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ వాళ్ళు చూస్తే చిగుళ్ళ వాపు, ఎముక అరగడం మాత్రం తక్కువే. అంటే కాపాడేదీ అదే, కొంప ముంచేదీ అదే. మన చేతిలో ఉన్నది పాచి తియ్యడం ఒక్కటే.

అది తీస్తే ఎంత తొందరగా సర్దుకుంటుందో డెన్మార్క్‌లో 1965లోనే చూపించారు, స్టూడెంట్స్ చేత బ్రష్ మాన్పిస్తే 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్ళు వాచాయి, మళ్ళీ తోమడం మొదలెడితే వారం పది రోజుల్లో తగ్గిపోయింది.

బ్రష్‌ని చిగురు అంచున ఏటవాలుగా పెట్టి చిన్నచిన్నగా కదుపు, రంపం కోసినట్టు లాగకు. రాత్రిపూట ఫ్లాస్ చెయ్యి, పళ్ళ సందుల్లోకి బ్రష్ పోదు. ఉప్పు, బొగ్గుపొడి జోలికి పోకు. క్లీనింగ్ చేయిస్తే పళ్ళు ఊగుతాయని మీ నాన్నమ్మ అంటుంది, గార ఊడాక సందులు కనిపిస్తాయి అంతే, ఊగేది ఎముక పోయినందుకు. మీ అమ్మకి షుగర్ ఉంది కదా, నువ్వూ ఒకసారి టెస్ట్ చేయించుకో, షుగర్ ఉంటే చిగుళ్ళు ఒక పట్టాన మానవు.

రెండు వారాలైనా రక్తం ఆగకపోతే డాక్టర్ దగ్గరికెళ్ళి పాకెట్ లోతు, అంటే పంటికీ చిగురుకీ మధ్య సందు ఎంత లోతుందో, కొలవమను. 3 మిల్లీమీటర్ల లోపుంటే పర్లేదు, 4 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే ఆ కొలతల కాగితం ఫొటో తీసి నాకు పంపు.

పెద్దమ్మ