బాతుల ఫోటోలకు వెళ్తున్న మేనల్లుడికి

ఒరే చంటీ,

శనివారం తెల్లవారుజామున చెరువు దగ్గరికి అడవి బాతుల ఫోటోలు తీయడానికి వెళ్తున్నావట, అదీ ఒక్కడివే. మీ నాన్న ఫోన్‌లో చెప్పగానే ఎంత సంతోషం వేసిందో! మన ఇంట్లో ఇంకెవరూ ఈ పిచ్చిలో పడలేదు, నువ్వైనా పడ్డావు. ఫోన్ పెట్టేశాక మాత్రం టెన్షన్ పట్టుకుంది. అందుకే రాస్తున్నాను. మధ్యలో తిట్లు కూడా ఉంటాయి, ఓర్చుకో.

బ్యాటరీలు రాత్రే చార్జింగ్ పెట్టు. కార్డు ఖాళీ చేసుకో. మెరిసే బట్టలు వేసుకోకు. ఇవి నీకు తెలిసినవే.

కూర్చునే చోటు మాత్రం జాగ్రత్తగా చూసుకో. ఎండ నీ వీపు మీద పడాలి, వీలైతే గాలి కూడా వెనక నుంచే రావాలి. బాతులు గాలికి ఎదురుగా లేస్తాయి, ఎదురుగానే దిగుతాయి. గాలి నీ వెనక ఉంటే నీకేసి ముఖం పెట్టి దిగుతాయి. మగ మల్లార్డ్ బాతు తలలో ఆ మెరిసే పచ్చదనం ఈకల నిర్మాణం మీద వెలుగు పడే తీరును బట్టి వస్తుంది. వెలుగు కాస్త పక్కకు తప్పిందా, అదే తల నల్లగా కనిపిస్తుంది. నీళ్లు నల్లగా ఉన్నప్పుడు కెమెరా లెక్క తప్పి తెల్ల ఈకలు మరీ వెలిగిపోయి, వాటి మీది గీతలన్నీ మాయమవుతాయి. ఎక్స్‌పోజర్, అంటే కెమెరాలో పడే వెలుగు, ఒక స్టాప్ దాకా (అంటే సగం దాకా) తగ్గించి చూసుకో.

లెన్స్ నీటికి ఎంత దగ్గరగా ఉంటే ఫోటో అంత బాగుంటుంది. బాతు కంటి ఎత్తులో మన కన్ను ఉండాలి. గట్టు మీద బోర్లా పడుకుని తీయి. గట్టు మీదే! నా భయమంతా ఇక్కడే ఉంది.

నాతో ఎప్పుడూ వచ్చే స్నేహితురాలు ఒకామె ఉండేది. ఒక పొద్దున పిన్‌టెయిల్ బాతులు కొంచెం దూరంగా ఉన్నాయి. "ఇంకో నాలుగు అడుగులే" అంటూ నీళ్లలోకి దిగింది. నీళ్లలోకి దిగడానికి ఛాతీ దాకా వచ్చే రబ్బరు తొడుగులు, వేడర్లు, వేసుకుంది గానీ నడుముకు బెల్టు పెట్టుకోలేదు. పైకి గట్టిగా కనిపించిన అడుగున మెత్తటి ఒండ్రు ఉంది. ఒక కాలు మోకాలి దాకా దిగబడింది. దాన్ని లాగడానికి రెండో కాలి మీద బరువు వేసింది, అది ఇంకా లోతుకు పోయింది. ముందుకు తూలేసరికి వేడర్లలోకి నీళ్లు రావడం మొదలైంది. బెల్టు ఉంటే నీళ్లు అంత తొందరగా కాళ్లలోకి దిగవు. రెండు చేతులూ కెమెరాను పైకెత్తి పట్టుకోవడానికే సరిపోయాయి, పట్టు కోసం ఒక్క చెయ్యి కూడా ఖాళీ లేదు. నేను దిగబోతే "నువ్వు రాకు!" అని అరిచింది. ట్రైపాడ్ కాళ్లు పొడుగ్గా లాగి అందించాను. "కెమెరా వదిలెయ్యి" అని ఎన్నిసార్లు అన్నానో. ఎంతకీ వదల్లేదు. నీళ్లు చంకల దాకా వచ్చాక వదిలింది. అప్పుడు వెనక్కి వాలి, బరువంతా నీటి మీదకు పరిచినట్టు చేసి, కాలిని అటూ ఇటూ కదుపుతూ మెల్లగా లాగితే ఒండ్రు వదిలింది. గట్టెక్కాక చలికి దవడలు కొట్టుకుంటుంటే నా స్వెట్టర్ తీసి కప్పాను. ఇద్దరికీ మాట పెగల్లేదు.

ఇప్పటికీ నీటి అంచున ఎవరైనా అడుగు ముందుకు వేస్తే నాకు కడుపులో దేవినట్టవుతుంది. నువ్వు వేశావని తెలిస్తే ఊరుకోను, చెప్తున్నా. ఒక్కడివే ఉన్నప్పుడు చీలమండ లోతు నీళ్లలోకి కూడా దిగకు.

ఇంతా చేస్తే ఆ పిన్‌టెయిళ్లు ఏం చేశాయనుకున్నావు? మొదటి అడుగుకే మేత ఆపి మెడలు నిక్కించాయి. రెండో అడుగుకు గుంపంతా అవతలికి ఈదింది. మూడో అడుగుకు లేచిపోయాయి. వాటి దగ్గరికి నడిచి వెళ్లడమనేది లేదురా, అవే మన దగ్గరికి రావాలి. 1999లో మల్లార్డ్‌ల నిద్ర మీద ఒక పరిశోధన వచ్చింది. గుంపు చివర ఉన్న బాతు చాలాసార్లు ఒక కన్ను తెరిచి సగం మెదడుతోనే నిద్రపోతుందట, ఆ కన్ను బయటివైపే చూస్తుందట. నిద్రలో కూడా కాపలా కాసే పక్షి నువ్వు పాకుతూ వస్తే చూడదా? వెలుగు రాకముందే వెళ్లి కూర్చో. కదలకుండా ఉంటే మేత మేస్తూ వాటంతట అవే దగ్గరికొస్తాయి. మెడలు నిక్కాయంటే కెమెరా దించి ఆగు.

ఎదురుచూస్తూ వాటి అలవాట్లు గమనించు. తల నీళ్లలో ముంచి, వీపు మీదికి నీళ్లు చిమ్ముకుంటూ స్నానం చేస్తోందంటే సిద్ధంగా ఉండు. కాసేపట్లో నీటి మీద నిలువుగా లేచి రెక్కలు విదిలిస్తుంది. షటర్ వేగం 1/2000 సెకను పెట్టుకో, తేలుతున్న బాతుకు 1/500 చాలు. షవలర్, టీల్ లాంటి బాతులు ఉన్నచోటు నుంచే నిట్టనిలువుగా ఎగురుతాయి. మునిగి మేసే పోచార్డ్‌లు నీటి మీద కొంత దూరం పరుగెత్తి లేస్తాయి కాబట్టి కాస్త టైం దొరుకుతుంది. ఒక్కో భంగిమకు నాలుగైదు ఫోటోలు తీయి. బాతు మూడో రెప్ప (కంటికి అడ్డంగా జారే పల్చటి పొర) వేసిన క్షణంలో కన్ను పాలిపోయినట్టు పడుతుంది, అప్పుడు ఎంత మంచి ఫోటో అయినా పనికిరాదు.

పిల్లలతో ఉన్న తల్లి కనిపిస్తే దూరం నుంచే ఒకటి రెండు తీసి వచ్చెయ్. కాకో గద్దో ఆ పిల్లలను ఎత్తుకుపోయేది, తల్లి నిన్ను చూస్తూ ఉండిపోయినప్పుడే. ఈకలు రాల్చే కాలంలో బాతులు రెక్కల పెద్ద ఈకలన్నీ ఒకేసారి పోగొట్టుకుని మూడు నాలుగు వారాలు ఎగరలేవు. ఎగరలేదు కదా అని వెంటపడకు. దగ్గరికి రప్పించడానికి రొట్టె ముక్కలు వేయడం కూడా వద్దు, అది వాటికి మంచి మేత కాదు.

బయల్దేరే ముందు ఏ గట్టున కూర్చుంటావో మీ నాన్నకు చెప్పు, వెనక్కి ఎన్నింటికి వస్తావో కూడా చెప్పు. ఇంటికి రాగానే నాకు ఫోన్ చెయ్యి. బాగా వచ్చినవే ఏరి పంపకు, అన్నీ పంపు, కత్తిరించకుండా. నువ్వెక్కడ కూర్చున్నావో, ఎప్పుడు కదిలావో వాటిలో నాకు తెలిసిపోతుంది.

మీ అత్తయ్య