రేడియేటర్ మారుస్తున్నారా? రంగు చూసి కూలెంట్ కొనకండి

మీరడిగింది ఇది: డీసీఎం (చిన్న లారీ) రేడియేటర్ కారుతోంది, కొత్తది వేయిస్తున్నారు. లోపలున్న కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) గులాబీ రంగుది, షాపులో ఆకుపచ్చది ఇస్తున్నారు. మెకానిక్ ఏమో "మనకేం మంచు పడ్తదా అన్నా, నీళ్లు పోసినా నడుస్తది" అంటున్నాడు. ఏం పోయాలి?

అన్నా, ముందు ఒక్క మాట. లోపల మిగిలిన పాతదంతా కడిగేదాకా కొత్త డబ్బా మూత తీయనివ్వకండి. నేను ఇక్కడే దెబ్బతిన్నాను.

నా డీసీఎంకి రేడియేటర్ మార్చినప్పుడు పాతది విప్పితే కారినంత కారింది. దానిమీద వేరే రకం కూలెంట్ పోశారు. పక్కనే ఉన్నాను, సరే అన్నాను. రేడియేటరే పోయింది కదా, పాత కూలెంట్ కూడా దాంతోపాటే పోయిందనుకున్నాను. కానీ రేడియేటర్‌లో ఉండేది కొంతే. మిగతాదంతా ఇంజిన్ బ్లాకులో, హీటర్ గొట్టాల్లో నిలిచే ఉంటుంది.

మూడు నెలల తర్వాత శ్రీశైలంలో లోడు దించి వస్తున్నాను. డ్యామ్ దాటి ఈగలపెంట వైపు ఘాట్ ఎక్కుతుంటే, బండి ఖాళీదే అయినా టెంపరేచర్ ముల్లు ఎర్రగీతకి ఆనుకుంది. పక్కకి ఆపి, బాగా చల్లారాక మూత తీశాను. మెడ లోపల చింతపండు గుజ్జులాంటిది అంటుకుని ఉంది. వేలితో లాగితే జిగటగా సాగింది, గోటి సందులో ఇరుక్కుంది. రెండు కూలెంట్లలోని మందులు ఒకదానికొకటి పడక, ఆ గుజ్జే రేడియేటర్ సన్నగొట్టాల్లో నిండిపోయింది. కొత్త రేడియేటర్ పోయింది, హెడ్ గాస్కెట్ (ఇంజిన్ హెడ్‌కీ బ్లాకుకీ మధ్య ఉండే సీలు) కూడా పోయింది.

రంగుని నమ్మకండి. అది కంపెనీ వాళ్లు కలిపే రంగు మాత్రమే, ఏ రకానికి ఏ రంగని అందరికీ ఒకటే నియమం లేదు. గులాబీ రంగులో రెండు వేర్వేరు రకాలు దొరుకుతాయి. డబ్బా వెనక చదవండి. తుప్పు ఆపే మందుని బట్టి రకాలుంటాయి: పాత పద్ధతి ఐఏటీ రకం (ఇనార్గానిక్ మందు) సుమారు రెండేళ్లు పనిచేస్తుంది, ఓఏటీ రకం (ఆర్గానిక్ యాసిడ్ మందు) ఐదేళ్ల దాకా. బండి మాన్యువల్లో ఏది రాసుంటే అదే. పెద్ద డీజిల్ ఇంజిన్‌కైతే హెవీ డ్యూటీది కావాలి, డబ్బా మీద ఏఎస్‌టీఎం (అమెరికా ప్రమాణాల సంస్థ) డీ 6210 అని ఉంటుంది. డీ 3306 ఒక్కటే రాసుంటే అది కార్లలాంటి చిన్న బండ్ల కోసం.

ఈ తేడా ఎందుకంటే, మన లారీ ఇంజిన్లలో చాలావాటికి వెట్ లైనర్లు. లైనర్ అంటే పిస్టన్ ఆడే గొట్టం, దాని బయటి గోడకి కూలెంట్ నేరుగా తగులుతుంది. డీజిల్ మండిన ప్రతిసారీ ఆ గోడ అదురుతుంది, ఆ అదురుకి సన్నటి బుడగలు పుట్టి అక్కడే పగులుతాయి. పగిలిన ప్రతి బుడగా ఇనుముని కొంచెం కొంచెం తొలుస్తుంది. సూదితో పొడిచినట్టు గుంతలు పడి, చివరికి కూలెంట్ ఆయిల్లోకి దిగుతుంది. దాన్ని ఆపే మందు హెవీ డ్యూటీ కూలెంట్లో ఉంటుంది. వట్టి నీళ్లలో ఏమీ ఉండదు.

నీళ్లు గడ్డకట్టకుండా ఆపడమూ కూలెంట్ పనే, కానీ ఆ మంచు సంగతి పక్కన పెట్టండి, మనకు కావాల్సింది మరగకుండా, తుప్పు పట్టకుండా ఉండటం. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది, ఇక్కడ గిన్నెలో నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. సగం గ్లైకాల్ (కూలెంట్లో ఉండే అసలు ద్రవం) కలిస్తే 106, 107 దాకా ఆగుతాయి, మూత ప్రెషర్ దానిమీద ఇంకా పెంచుతుంది. ఇక బోరు నీళ్లయితే మరీ దారుణం. గీజర్ రాడ్ మీద తెల్లగా పేరుకునే పొర చూశారు కదా, అదే పొర మీ కొత్త రేడియేటర్‌లోనూ కడుతుంది.

కడగడం ఇలా: బ్లాకు డ్రెయిన్ బోల్టు కూడా విప్పించండి. శుభ్రమైన నీళ్లు పోసి, హీటర్ వేడి వైపు తిప్పి, థర్మోస్టాట్ (వేడెక్కాక కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలే వాల్వు) తెరుచుకునేదాకా ఇంజిన్ నడిపి, చల్లారాక ఆ నీళ్లు బయటికి వదిలేయండి. రంగు లేని తేట నీళ్లు వచ్చేదాకా మళ్లీ మళ్లీ. నాకు నాలుగుసార్లు పట్టింది. ఆఖరి కడుగు బ్యాటరీ నీళ్లతో (డిస్టిల్డ్ వాటర్, యాసిడ్ కాదు).

చాలామంది పట్టించుకోనిది ఇంకోటుంది. ఎంత వదిలినా కడిగిన నీళ్లు కొన్ని లోపలే ఉండిపోతాయి. రెడీమిక్స్ (ముందే నీళ్లు కలిపిన కూలెంట్) పోస్తే అది ఇంకా పలచబడుతుంది. కాబట్టి కాన్‌సంట్రేట్ (నీళ్లు కలపనిది) కొనండి. మాన్యువల్లో మొత్తం 16 లీటర్లని ఉంటే 8 లీటర్లు ముందు పోసి, మిగతాది బ్యాటరీ నీళ్లతో నింపండి. కాన్‌సంట్రేట్ ఒక్కటే నింపేయకండి, వట్టి గ్లైకాల్ నీళ్లంత బాగా వేడిని మోయలేదు.

కొత్త మూత వేయించండి, పాతదాని మీదున్న ప్రెషర్ అంకెతోనే. పాత కూలెంట్‌ని మాత్రం షెడ్డు నేల మీద వదలనివ్వకండి. తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, ప్రాణం పోతుంది. డబ్బాలో పట్టించి మూత బిగించండి.

మర్నాడు పొద్దున, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మట్టం చూడండి. గాలి బయటికి పోయి కొంచెం తగ్గుతుంది, అదే మిశ్రమం కలిపి పోయండి. మీ బండి మోడలూ సంవత్సరమూ రాస్తే, ఏ రకం కావాలో చూసి చెప్తాను.