ప్రమాద దర్యాప్తు నివేదికలో తప్పెవరిదో ఎందుకు తేల్చరు?

విమానం కూలినా, ఓడ మునిగినా, రైలు పట్టాలు తప్పినా మనం ముందు అడిగేది "తప్పెవరిది?" అనే. దర్యాప్తు సంస్థ వెతికేది మాత్రం, ఇది మళ్లీ జరగకుండా ఏం మార్చాలి అని. విమానాల విషయంలో ఐకావో (ఐక్యరాజ్య సమితి పౌర విమానయాన సంస్థ) రూపొందించిన ప్రమాద దర్యాప్తు నిబంధనలు, అంటే అనెక్స్ 13, ఈ మాట స్పష్టంగా చెబుతాయి. శిక్షల సంగతి కోర్టులు చూసుకుంటాయి. జైలు భయం ఉంటే ఎవరూ ఉన్నదున్నట్టు చెప్పరు కదా.

2009 జూన్ 1న ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానం అట్లాంటిక్‌లో కూలి 228 మంది చనిపోయారు. దాదాపు 3,900 మీటర్ల లోతు నుంచి విమానం వివరాలు, పైలట్ల మాటలు రికార్డు చేసే బ్లాక్ బాక్సులు (పేరే గానీ రంగు నారింజ) బయటికి తీయడానికి రెండేళ్లు పట్టింది. వేగం కొలిచే పిటో గొట్టాలకు మంచు పలుకులు అడ్డుపడి, ఆటోపైలట్ ఆగిపోయింది. ఆ టెన్షన్‌లో పైలట్ విమానం ముక్కు పైకెత్తాడు, రెక్కలకు గాలి మీద పట్టు తప్పింది. "పైలట్ తప్పు" అని అక్కడితో ఫైలు మూసేస్తే, అంత ఎత్తులో చేత్తో నడిపే శిక్షణ వాళ్లకు లేదన్న అసలు సంగతి మరుగునే ఉండేది.

విమానాల్లో బ్లాక్ బాక్సులు చేసే పనే ఓడల్లో వీడీఆర్ (వాయేజ్ డేటా రికార్డర్), రైళ్లలో ఈవెంట్ రికార్డర్ చేస్తాయి. ఓడ బ్రిడ్జి (ఓడను నడిపే గది)లో ఎవరేం మాట్లాడారో కూడా వీడీఆర్‌లో ఉంటుంది.